ఎవరు చదవాలని రాసిన లెక్క

కొత్తకోట హైదరాబాదు–కర్నూలు తొవ్వ మీది ఊరు. ఇక్కడి నుంచి దక్షిణంగా పోతే ముందు కృష్ణ, తర్వాత తుంగభద్ర. తుంగభద్ర దాటితే కర్నూలు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో ఆ నదికి ఇవతల చెల్లింది హాలీ సిక్కా, అవతల చెల్లింది ఇంగ్లీషువాళ్ల కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. మా నాయన అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరింది ఆ రోజుల్లోనే. కర్నూలు నుంచి తెచ్చిన సరుకును కల్దార్లలో, ఊళ్లో అమ్మినదాన్ని హాలీలో రాసి, మాపటికి రెండింటినీ ఒక లెక్కకు తేవాలి. పోలీసు చర్య తర్వాత కూడా కొన్నేళ్లు రెండు నాణేలూ నడిచాయి. సేటు మాత్రం రెండు నాణేల గోల వినేవాడు కాదట. దుకాణం మూసేముందు ఒకటే అడిగేవాడట: "ఇయ్యాల నాకేం మిగిలింది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే విద్యనే ఇప్పుడు బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ఆ పేరుతో వ్యాసం రాశాడు. 1989లో హోవర్డ్ డ్రెస్నర్ ఆ పేరును కంపెనీల్లో స్థిరపరిచాడు. నేను నాయన వెనకే గుమాస్తానయ్యాను, కొత్తకోటలోనే నాలుగైదు దుకాణాల లెక్కలు చూస్తూ వచ్చాను. ఈ మధ్య ఎరువులు, విత్తనాలు అమ్మి పల్లికాయ కొనే ఒక దుకాణంలో చిన్న సేటు నన్ను కూర్చోబెట్టి అడిగాడు: "కాకా, ఒక్క చూపుల అంతా కనవడాలె. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం?" హైదరాబాదులో చదివొచ్చిన పిల్లవాడు, మంచి ఉద్దేశంతో అడిగాడు. జవాబు చెప్పే ముందు, ఈ నేల మీద లెక్కను చూపించే సాధనాన్ని ఇంతకుముందు ఎవరు ఎంచుకున్నారు, ఎవరు చదవాలని ఎంచుకున్నారు అన్నది నాకు తేల్చుకోవాలనిపించింది.

నాయన నాకు మొదట నేర్పింది చిట్టా, ఆవర్జా. రోజూ వచ్చింది వచ్చినట్టు, పోయింది పోయినట్టు వరసగా రాసుకునేది చిట్టా. ఆ వరసను విప్పి, ఏ మనిషి పద్దులు ఆ మనిషి పేజీలోకి చేర్చేది ఆవర్జా. చిట్టాలో రోజు కనబడుతుంది, ఆవర్జాలో మనిషి కనబడతాడు. ఆవర్జాలో ప్రతి పద్దు పక్కనా చిట్టా తేదీ ఉండి తీరాలి. తేదీ లేని పద్దును నాయన పద్దుగా ఒప్పుకునేవాడు కాదు. రైతు వచ్చి "ఈ పన్నెండు రూపాయలు ఎక్కడివి?" అంటే ఆవర్జాలో తేదీ చూసి, చిట్టా తిప్పి, ఆనాడు ఆయన పట్టుకుపోయిన నువ్వుల చెక్క దగ్గరికి తీసుకుపోగలగాలి. రైతుకు చదువు రాకపోయినా ఆ రోజు గుర్తుంటుంది. లెక్క నిజమో కాదో అక్కడ తేలిపోతుంది.

నాయన కంటే ముందు తరం గుమాస్తాలు భిన్నాలను గీతల్లో రాసేవాళ్లు. పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. వీసానికి, అంటే పదహారో వంతుకు, ఒక అడ్డగీత. రెండు వీసాలకు రెండు, మూడింటికి మూడు. అంతకంటే చిన్న భాగానికి మళ్లీ నిలువు గీతలు. నాలుగు, మళ్లీ నాలుగు, ఇట్లా దిగుతుంది ఆ లెక్క. కొలతలు కూడా అట్లాగే ఉండేవి: తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. కాబట్టి గింజలు కొలిచే చెయ్యి, గీతలు గీసే చెయ్యి ఒకే దారిలో నడిచాయి. గీతలను చూస్తేనే ఎంతో తెలిసే ఆ అంకెలకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇంగ్లండులో విలియం ప్లేఫెయిర్ 1786లో వేసిన పుస్తకంలో స్కాట్లండు ఎగుమతి దిగుమతులను పొడుగు పొట్టి కడ్డీలుగా గీశాడు. బార్ చార్టు అక్కడే పుట్టిందంటారు. అది తీరిక లేని పెద్దమనుషులు చూసేందుకు గీసింది. మన గీతలు గింజ కొలిచేవాడు తానే చూసుకునేందుకు గీసుకున్నవి. రెండూ కంటికి లెక్కను అందించేవే, కాని ఎవరి కంటికి అన్న దగ్గర వేరుపడ్డాయి.

సర్కారు లెక్కల దారి ఇంకొకటి. 1853లో సాలార్ జంగ్ దివాన్ అయ్యేనాటికి నిజాం రాజ్యంలో శిస్తు వసూలు చాలామటుకు ఇజారాలో నడిచేది. ఇంత కడతానని ఒప్పుకున్నవాడికి ఇలాకా అప్పజెప్పేవాళ్లు. ఊళ్లో ఏం పండింది, ఎవరు పండించారు అన్నది హైదరాబాదుకు చేరాల్సిన పని లేదు. ఇజారాదారు కట్టే మొత్తం ఒక్కటి చేరితే చాలు. మన వైపు సంస్థానాలు మరీ ఎక్కువ. వనపర్తి, గద్వాల, జటప్రోలు, అమరచింత, గోపాలపేట: ఇవన్నీ పాలమూరు నేల మీదివే. కొత్తకోట వనపర్తి రాజుల కిందిది. వనపర్తి నుంచి నిజాముకు పోయేది పేష్కష్ అనే కప్పం. అంత పెద్ద సీమ మీద పైవాడికి కనబడే లెక్క ఆ ఒక్క అంకె.

ఆ ఒక్క అంకెతో ఖజానా నిండలేదు కాబట్టే సాలార్ జంగ్ 1865లో జిలాబందీ చేశాడు. జిల్లాలు, తాలూకాలు, జీతగాళ్లయిన అధికారులు వచ్చారు. తర్వాతి దశాబ్దంలో బొంబాయి పద్ధతిలో భూముల సర్వే మొదలైంది. మనకు ఎకరం, గుంట వచ్చింది ఆ దారినే. ముప్పైమూడు అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. తుంగభద్ర అవతల మద్రాసు సర్వే, అక్కడ ఎకరానికి నూరు సెంట్లు. ఇప్పటికీ కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనేవాళ్లకు గుంటలను సెంట్లు చేసి చెప్పాల్సి వస్తుంది: గుంటకు రెండున్నర సెంట్లు. ఒకే నేలను నదికి అటూ ఇటూ రెండు రకాలుగా చూపించడం నేర్పిన సాధనాలవి.

ఆ సర్వే నుంచి పుట్టినవే సేత్వార్, టిప్పన్, పహాణీ. ఏ సర్వే నంబరు ఎంత, ఎవరిది అన్న మూల పుస్తకం సేత్వార్. టిప్పన్ పొలానికి చేతితో గీసిన నక్షా, పక్కన కొలతలు. పహాణీ ఏటేటా రాసేది: నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగు చేస్తున్నవాడు, నీటి వసతి, పైరు, అన్నీ అడ్డంగా కాలాల్లో. పట్వారి పొలం గట్టు మీద నిలబడి చూసి రాయాలన్నది నియమం. ఏడాదికోసారి జమాబందీ జరిగేది. తాలూకా అధికారి ముందు ఊరి లెక్కలన్నీ విప్పి, కూడి, శిస్తు తేల్చేవాళ్లు. ఇప్పటివాళ్లు యాన్యువల్ రివ్యూ అనేదానికి తక్కువేం కాదు. కాని పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. ఊళ్లో ఆ కాగితం పట్టుకుని చదవగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రైతు పేరు కాగితంలో ఉంది, ఆ కాగితం రైతుకు అందలేదు. పట్వారి చదివిందే లెక్క. వంశపారంపర్యంగా సాగిన ఆ పెత్తనం 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీలను తీసేసేదాకా నడిచింది. పట్వారీల్లో నికార్సయిన లెక్కలవాళ్లు ఉన్నారు, వాళ్ల రాత చూసి నేను నేర్చుకున్నాను కూడా. అయినా చదివేవాడు ఒక్కడే ఉన్న లెక్క, ఎంత చక్కగా రాసినా, వాడి చేతిలో ఆయుధమే అవుతుంది.

ఆ పుస్తకాల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1954–55 ఖాస్రా పహాణీ. 1950లో హైదరాబాదు కౌలు చట్టం వచ్చింది. జాగీర్లు 1949లోనే రద్దయ్యాయి. సాయుధ పోరాటం చూసిన నేల ఇది. దున్నేవాడెవరో తేల్చకుండా ముందుకు పోయే వీలు లేకపోయింది. అందుకని ఊరూరా పొలం పొలం తిరిగి కొత్తగా రాశారు. అందులో పట్టాదారు కాలం పక్కనే సాగుదారు కాలం ఉంది. డెబ్బై ఏళ్లయినా కోర్టుల్లో, తహసీలు ఆఫీసుల్లో తగాదా వస్తే "ఖాస్రాలో ఏముంది?" అనే అడుగుతారు. ఎందుకంటే ఆ కాలం ఒక్కటి, పేరున్నవాడికీ చెమటోడ్చినవాడికీ మధ్య ఉన్న దూరాన్ని కాగితం మీద చూపించింది. రిపోర్టులో ఒక కాలం ఉండడం, లేకపోవడం ఎంత పెద్ద విషయమో నాకు ఆ పుస్తకమే చెప్పింది.

అందుకే తర్వాత జరిగింది నన్ను ఇంకా బాధిస్తుంది. 1998లో రిజిస్ట్రేషన్లకు కార్డ్ పద్ధతితో కంప్యూటర్లు వచ్చాయి. తర్వాత పహాణీలు కూడా తెర మీదికెక్కాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మే నెలలో రైతుబంధు వచ్చింది, పంటకు ఎకరాకు నాలుగు వేలు. అంత డబ్బు అన్ని లక్షల ఇండ్లకు మధ్య మనిషి లేకుండా చేరడం మామూలు సంగతి కాదు, ఆ గొప్పతనం ఆ లెక్కలదే. 2020 అక్టోబరు 29న ధరణి తెరుచుకుంది, దానికి కాస్త ముందు వీఆర్వోలనూ తీసేశారు. కాని ఈ మార్పుల్లో సాగు చేస్తున్నవాడి పేరుండే అనుభవదారు కాలం పోయింది. రైతుబంధు పట్టాదారుకు వచ్చింది, కౌలు రైతుకు రాలేదు. కౌలు రైతు పొలంలోనే ఉన్నాడు, పల్లి పీకుతూనే ఉన్నాడు. తెర మీద మాత్రం లేడు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారిన ప్రతిసారీ నేను ముందు వెతికేది ఆ కాలాన్నే.

దుకాణాల కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, ఆ తర్వాత శేర్లు పోయి కిలోలు. నాయన రెండింటినీ కొన్నేళ్లు పక్కపక్కనే రాశాడు. ఆవర్జా పద్ధతి మారలేదు. అసలు మార్పు టాలీతో వచ్చింది. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా తన వ్యాపారం లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరకక, కొడుకు భరత్‌తో రాయించుకున్న ప్రోగ్రాం అది, 1986 నాటిది. వ్యాపారి ఇంట్లో వ్యాపారి అవసరానికి పుట్టింది కాబట్టే మన గుమాస్తాలకు అంత తొందరగా చేతికొచ్చింది. లక్షలు లక్షలుగానే, కోట్లు కోట్లుగానే చూపిస్తుంది. మొత్తం మీద ఎంటర్ నొక్కుకుంటూ పోతే నెల, రోజు, చివరికి ఆ బిల్లు. నాయన బతికుంటే "ఇది మన ఆవర్జాయే గదా" అనేవాడు. 2005లో వ్యాట్, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినకాడి నుంచి టాలీ లేని దుకాణం మా బజారులో తక్కువ. అయితే ఒక పక్కదారి కూడా పట్టింది. గుమాస్తా పని క్రమంగా పన్ను ఆఫీసు చదివే రిపోర్టు తయారుచేయడమే అయిపోయింది. సేటు అడిగే "నాకేం మిగిలింది" వెనక్కి పోయింది, రైతు అడిగే "ఇది ఎక్కడిది" ఇంకా వెనక్కి పోయింది.

మార్కెట్ యార్డు సంగతి కూడా అంతే. 2016 ఏప్రిల్‌లో దేశమంతటి నుంచి ఎంపిక చేసిన కొద్ది మార్కెట్లతో ఈ–నామ్ మొదలైనప్పుడు మన జడ్చర్ల పక్కనున్న బాదేపల్లి అందులో ఉంది. ధర తెర మీద కనబడుతుంది, ఎక్కడివాడైనా పాడవచ్చు. రైతు చేతికి చివరికి వచ్చేది మాత్రం తక్‌పట్టీయే: ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, హమాలీ ఎంత, దడ్వాయి ఎంత, చేతికి ఎంత. నా దృష్టిలో ఈ సీమలో పుట్టిన అన్ని రిపోర్టుల్లోకీ మంచిది ఆ చిట్టి. ఒక్క కాగితం, ఒక్క సరుకు, పై నుంచి కిందికి తీసివేతలు, చివర్న చేతికొచ్చే పైకం. చదువు తక్కువైనా రైతు వేలు పెట్టి ఒక్కో వరసా అడుగుతాడు.

ఇంకొకటి చెప్పాలి. కొత్తకోట, అమరచింత మగ్గాల మీద గద్వాల తరహా చీరలు నేస్తారు. అంచు డిజైను ముందు గళ్ల కాగితం మీద వేస్తారు, గడి ఒక్కొక్కటీ పోగుల లెక్క. ఆ గళ్లను చూసే జకార్డు అట్టలకు బెజ్జాలు కొడతారు. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో తెచ్చిన ఆ అట్టల బెజ్జాల ఊహే తర్వాత అమెరికా 1890 జనాభా లెక్కలను యంత్రంతో కూడిన హోలరిత్ కార్డులదాకా నడిచింది. హోలరిత్ కంపెనీ ఇంకొన్నిటితో కలిసి చివరికి ఐబీఎం అయింది. నాకు ఆసక్తి ఆ వంశవృక్షం మీద కాదు. గళ్ల కాగితాన్ని గీసినవాడు ఎట్లా చదువుతాడో నేసేవాడూ అట్లాగే చదువుతాడు. పోగు తప్పితే ఏ గడిలో తప్పిందో ఇద్దరూ వేలు పెట్టి చూపగలరు. అంకెను బొమ్మ చేసినప్పుడు అది పనిచేసేవాడి ముందు కూడా ఉండగలదని మగ్గం దగ్గర నాకు నమ్మకం కలిగింది.

ఇదంతా మనసులో పెట్టుకుని చిన్న సేటు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆయన మూడు దారులు తెచ్చాడు. టాలీలో ఉన్న రిపోర్టులతోనే సర్దుకోవడం ఒకటి. గూగుల్ వాళ్ల లుకర్ స్టూడియో ఇంకొకటి. డబ్బు కట్టక్కర్లేదు, కాని లెక్కలు నెట్ మీదికి ఎక్కించాలి. మూడోది మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ. అది 2015లో బయటికి వచ్చింది, అప్పటికి కంపెనీ పగ్గాలు మన సత్య నాదెళ్ల చేతికొచ్చి ఏడాది దాటింది. ఆయన తండ్రి యుగంధర్ గ్రామీణాభివృద్ధి శాఖ చూసిన ఐఏఎస్ అధికారి అని గుర్తొచ్చి, పల్లె లెక్కలు ఆ ఇంటికి కొత్త కావు కదా అనుకున్నాను. కంప్యూటరులో రిపోర్టు తయారుచేసుకోవడానికి పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే. దాన్ని పదిమందితో సరిగ్గా పంచుకోవాలంటే మనిషికింత అని నెలనెలా కట్టాలి.

మొదటి రోజు ఆయన చేసి చూపిన బొమ్మ అందంగానే ఉంది. నీలం కడ్డీలు, గుండ్రటి ముక్కలు. పెద్ద సేటు కళ్లజోడు సర్దుకుని చూసి, "ఒకటి పాయింట్ రెండు ఎం అంటే ఎంతరా?" అన్నాడు. పన్నెండు లక్షలు అది. ఆ సాధనం దానంతటది వేల తర్వాత మిలియన్లకే పోతుంది. లక్ష దగ్గర కామా పడాలంటే ఫార్మాటు మనం రాసుకోవాలి. ఒక పూట కూర్చుని రాసుకున్నాం. రెండోది, ఏడాది. అది జనవరితో మొదలుపెట్టి మూడు మూడు నెలలుగా కోసింది. మా దుకాణానికి ఆ కోతతో పని లేదు. వానాకాలం, యాసంగి: మాకు ఉన్నవి ఆ రెండే. యాసంగి పల్లికి విత్తనం ఏడాది చివర్లో పోతుంది, కాయ పై ఏడాది మొదట్లో వస్తుంది, అప్పుడు ఉద్దెర తీరుతుంది. జనవరి దగ్గర గీత గీస్తే అప్పు ఒకవైపు, తీర్చినది ఇంకోవైపు పడి, దుకాణం ఒక ఏడు మునిగినట్టు, మరుసటి ఏడు తేలినట్టు కనబడుతుంది. తేదీల పట్టిక ఒకటి వేరుగా చేసి, ప్రతి తేదీకీ పంట పేరు తగిలించాం. దానితో బొమ్మ ఊరి నడకకు వచ్చింది.

మూడోది నేను పట్టుబట్టింది. ఏ కడ్డీ మీద వేలు పెట్టినా అది బిల్లు నంబరుదాకా తీసుకుపోవాలి. పవర్ బీఐలో ఆ ఏర్పాటు ఉంది, డ్రిల్ త్రూ అంటారు. నాయన చిట్టా తేదీ అదే. లుకర్ స్టూడియోను పక్కన పెట్టడానికి కారణం వేరే. రైతుల బాకీలు నెట్ మీద ఉండడం పెద్ద సేటుకు ఇష్టం లేకపోయింది, నాకూ లేకపోయింది. ఎవరి ఉద్దెర ఎంత అన్నది ఆయనకూ దుకాణానికీ మధ్య మాట.

కాబట్టి రాత టాలీలోనే ఉంచాం, చూపు డెస్క్‌టాప్ మీద పెట్టాం. నెలనెలా డబ్బు కట్టే పంపకం వద్దనుకున్నాం. రైతుకు మాత్రం ఆ తెరతో పని లేదు కనుక ఆయన కోసం తక్‌పట్టీ తీరులో తెలుగులో ఒక చిట్టి అచ్చువేస్తున్నాం: ఈ పంటలో తీసుకున్నవి, తేదీలు, కట్టినవి, మిగిలినవి. అది రాయించడానికి చిన్న సేటుకు కొంత నచ్చజెప్పాల్సి వచ్చింది. "వాట్సాప్‌ల పంపుదాం గదా కాకా" అన్నాడు. పంపుదాం, కాని చేతిలో కాగితం కూడా ఉండాలి బిడ్డా, ఇంట్ల ఆడమనిషి కూడా చూడాలె, రేపు కొట్లాట అయితే నలుగుర్ల పెట్టాలె అన్నాను. ఒప్పుకున్నాడు.

చివరిగా ఒక కాలం చేర్చాం. ఇదివరకు మా ఖాతాలు పాసుబుక్కు పేరు మీదే ఉండేవి. ఎరువు తీసుకుపోయేది కౌలుదారు, ఖాతా పట్టాదారుది. బాకీ ఎవరిదంటే ఇద్దరూ ఎదురెదురు చూసుకునేవాళ్లు. ఇప్పుడు ప్రతి ఖాతాలో పట్టా ఎవరిది, కాస్తు ఎవరిది అని రెండు కాలాలున్నాయి. గడిచిన యాసంగి ఖాతాలు ఒక్కొక్కటే తిరగేస్తూ, మనుషులను అడిగి రెండో కాలం నింపుతున్నాం. కానాయపల్లి, మదనాపురం వైపు ఖాతాలు ఇంకా మిగిలాయి. పల్లి పీకుళ్లు అయ్యేలోపు అవీ పూర్తి చేయాలి.